క్విజ్ మాస్టరు గారికి అమ్మ రాయునది

చిన్నా,

హాస్టల్ వార్షికోత్సవంలో క్విజ్ నువ్వే నడపబోతున్నావని, ఎవరికీ తెలియని వింత ప్రశ్నలు కొన్ని కావాలని అడిగావు. ఫోనులో చెబితే సగం వింటావు, ఆ సగంలో సగం మరిచిపోతావు. అందుకే తీరిగ్గా కాగితం మీద పెడుతున్నాను.

ముందు నువ్వు పంపిన జాబితా సంగతి. ఐన్‌స్టీన్ లెక్కల్లో తప్పాడన్నది కొట్టేయి, పచ్చి అబద్ధం. పదిహేనేళ్లు నిండకముందే కలన గణితం ఒంటబట్టించుకున్నవాడాయన. నెపోలియన్ మరుగుజ్జు అన్నదీ ఆ బాపతే. ఆయన ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలని రాసింది పాత ఫ్రెంచి కొలతలో. ఫ్రెంచి అంగుళం ఇంగ్లీషు అంగుళం కంటే పెద్దది. ఇప్పటి లెక్కకు తెస్తే సుమారు 168 సెంటీమీటర్లు, ఆ కాలపు ఫ్రెంచివాళ్లలో ఎవరికీ తలవంపు కాని ఎత్తు. ఆయన్ని పొట్టివాణ్ని చేసింది గిల్‌రే అనే లండన్ వ్యంగ్య చిత్రకారుడు. మీ నాన్న కంటే నెపోలియనే పొడుగు, ఈ మాట ఆయన దగ్గర అనకు.

వాంబాట్ ప్రశ్న మాత్రం ఉంచు, మీ కుర్రాళ్లు పడీ పడీ నవ్వుతారు. ఆస్ట్రేలియాలో ఉండే ఆ జంతువు పాచికల్లాంటి పెంటికలు వేస్తుంది. పేగు చివరి భాగం చుట్టూ ఒకేలా సాగదు, ఒకచోట బిగువు, ఒకచోట వదులు. అందువల్ల అంచులు తేలతాయి. ఇది తేల్చినవాళ్లకు 2019లో ఇగ్ నోబెల్, అంటే ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే బహుమతి, ఇచ్చారు. క్లియోపాత్రాది ఒక్క ముక్కలో అడిగేయి: ఆమె కాలం గిజా మహా పిరమిడ్ కట్టిన రోజులకు దగ్గరా, చంద్రుడి మీద మనిషి కాలు మోపిన 1969కి దగ్గరా? అందరూ పిరమిడ్ అంటారు. పిరమిడ్ ఆమెకు దాదాపు 2,500 ఏళ్ల ముందుది, చంద్రయానం 2,000 ఏళ్ల తర్వాతది.

కానీ నాకు ఇలాంటివాటి మీద అంత మోజు లేదు. జవాబు వినగానే "ఓహో" అని ఊరుకునే ప్రశ్న కంటే, "అయితే మరి..." అని వాళ్లే నిన్ను నిలదీసే ప్రశ్న మేలు. అలాంటిది మన పల్నాటిలోనే ఉంది. ఇలా అడుగు: శ్రీనాథుడు జన్మలో రుచి చూడనిదీ, నేడు పల్నాడు అనగానే గుర్తొచ్చేదీ అయిన పంట ఏది?

మిరప. శ్రీనాథుడు పదిహేనో శతాబ్దం నడుమకే కాలం చేశాడు. కొలంబస్ అమెరికా చేరింది 1492లో, వాస్కోడగామా కాలికట్‌లో దిగింది 1498లో. మిరప పుట్టిల్లు అమెరికా ఖండం, దాన్ని మన దేశానికి చేర్చింది పోర్చుగీసువాళ్లు. అంటే శ్రీనాథుడికి కొలువిచ్చిన కొండవీటి రెడ్డి రాజుల వంటశాలలో ఘాటంతా మిరియాలది, పిప్పళ్లది, అల్లానిది, ఆవాలది. ఆ రోజుల్లో ఎవరైనా మామిడికాయ ఊరబెట్టి ఉంటే అందులో ఎర్ర కారం లేదు! టమాటా, బంగాళదుంప, వేరుశనగ, బొప్పాయి, జామ కూడా ఆ ఖండం నుంచి వచ్చినవే. సీతమ్మ పేరు పెట్టుకున్న సీతాఫలం సైతం అంతే. ఇది వింటే మీ అమ్మమ్మ నాతో వారం రోజులు మాట్లాడదు.

ఇక్కడే జంతువుల ప్రశ్న ఒకటి కలుపు. మన పెరట్లో మిరప మొక్క మీద పిగిలిపిట్ట వాలడం నువ్వు చూశావు కదా. పండిన కాయను ముక్కున లాగి, తల ఒక్కసారి వెనక్కి విసిరి గుటుక్కున మింగి, ఇంకోదాని కోసం చూస్తుంది. కంట నీరు లేదు, ముక్కు ఎగబీల్చడం లేదు. మన నోట్లో వేడిని పసిగట్టే గ్రాహకం ఒకటుంది, 43 డిగ్రీలు దాటితే అది మేల్కొంటుంది. మిరపకు ఘాటునిచ్చే కాప్సైసిన్ అనే పదార్థం తగిలినా అదే మేల్కొంటుంది. కాబట్టి "నోరు కాలిపోతోంది" అని నువ్వు గంతులేసినప్పుడు మెదడు నిజంగానే కాలుతోందని నమ్ముతోంది. పక్షుల్లో ఆ గ్రాహకానికి కాప్సైసిన్ పట్టదు. మనలాంటి క్షీరదాలు గింజల్ని దంతాలతో నలిపేస్తాయి, పిట్టలేమో మింగి దూరాన ఎక్కడో విడిచిపెడతాయి. మొక్కకు ఎవరితో పని ఉందో చూడు! ఆ గ్రాహకాన్ని కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది. అన్నట్టు, ఘాటు గింజల్లో ఉంటుందని అందరూ అంటారు. అసలు ఉండేది గింజలు అంటుకుని ఉండే తెల్లటి మెత్తని భాగంలో. ఆ కాప్సైసిన్ నీళ్లలో కరగదు, అందుకే నీళ్లు తాగినా మంట ఆరదు, పెరుగన్నం ఆర్పుతుంది.

మళ్లీ శ్రీనాథుడి దగ్గరికే రా. పల్నాటి రాళ్ల మీద, జొన్నకూటి మీద ఆయన విసుక్కున్నట్టు చాటువులున్నాయి. ఆ రాళ్ల సీమలోనే, కృష్ణ ఒడ్డున కొల్లూరు అనే చోట, తర్వాతి కాలంలో వజ్రాల గనులు నడిచాయి. పదిహేడో శతాబ్దంలో వచ్చిన ఫ్రెంచి వ్యాపారి తావెర్నియే అక్కడ 60,000 మంది పనిచేస్తున్నారని రాసుకున్నాడు. ఆయన కొనుక్కుపోయిన నీలి వజ్రాన్నే తర్వాత కోసి సానబట్టారు, హోప్ డైమండ్ పేరుతో వాషింగ్టన్ మ్యూజియంలో ఉంది. కొల్లూరు ఇప్పుడు పులిచింతల జలాశయం అడుగున ఉంది.

దీనికి జతగా ప్రముఖుల ప్రశ్న: వజ్రాన్ని కాగితాల మీద బరువుగా పెట్టుకున్నది ఎవరు? ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్ అని చాలామంది చెప్పేస్తారు. 184.75 క్యారెట్ల జాకబ్ వజ్రం, దాదాపు 37 గ్రాములు. తండ్రి పాదరక్ష కొనలో దొరికిందని చెబుతారు. అప్పుడు నువ్వు మెలిక పెట్టు: ఆ వజ్రం ఏ గనిది? గోల్కొండ అంటూ అన్ని చేతులూ లేస్తాయి. అది దక్షిణాఫ్రికాది! ప్రపంచానికి వజ్రాలు అమ్మిన గోల్కొండ సీమను ఏలిన ఆ తండ్రి, ఆరో నిజాం, పరాయి గని వజ్రాన్ని కొనుక్కున్నాడు. 1995లో ప్రభుత్వం నిజాం నగల్ని 218 కోట్లకు కొన్నప్పుడు అదీ వచ్చింది.

హెడీ లమార్ ప్రశ్న అడిగే తీరు మార్చు. "వైఫై కనిపెట్టిన నటి ఎవరు" అంటే ప్రశ్నే తప్పవుతుంది. 1942లో ఆ హాలీవుడ్ తార, జార్జ్ ఆంథైల్ అనే సంగీతకారుడు కలిసి పేటెంట్ పొందింది టార్పెడోకు, అంటే నీళ్లలో దూసుకెళ్లి ఓడల్ని పేల్చే ఆయుధానికి, పంపే రేడియో సంకేతాన్ని శత్రువు చెడగొట్టకుండా చేసే పద్ధతికి. సంకేతం ఒక పౌనఃపున్యం మీద నిలవకుండా 88 పౌనఃపున్యాల మధ్య గెంతుతూ ఉంటుంది. పియానో మెట్లు ఎన్ని? 88. రంధ్రాలు పొడిచిన కాగితపు చుట్ట తిరుగుతుంటే తనంతట తానే మోగే పియానో నుంచి వచ్చిన ఊహ అది. యుద్ధంలో నౌకాదళం దాన్ని వాడనేలేదు. నీ చెవిలోని బ్లూటూత్ మాత్రం అలాగే గెంతుతుంది. కాబట్టి ప్రశ్న "88 అంకె ఎక్కడిది" అని ఉండాలి.

మొత్తం ఇరవై ప్రశ్నలు దాటనివ్వకు, జనం లేచిపోతారు. జవాబుతో పాటు కారణం చెప్పిన జట్టుకు అదనంగా రెండు మార్కులు పెట్టు. బహుమతులకు డబ్బు చాలకపోతే నాన్నను కాదు, నన్ను అడుగు.

ఆశీస్సులతో,
అమ్మ