ఆయన పేరేంది సార్?

సంపాదక మహోదయులకు,

హనుమకొండలో 31 ఏళ్లు డిగ్రీ పిల్లలకు ఇంగ్లిష్ చెప్పి రిటైరయ్యాను. చెప్పిన పాఠాల్లో జోసెఫ్ కాన్రాడ్ ఇంగ్లిష్ నవలిక ‘హార్ట్ ఆఫ్ డార్క్‌నెస్’ ఒకటి. అది 1899లో తొలిసారి పత్రికలో వచ్చింది. దాని నేపథ్యమైన ఆఫ్రికాలోని కాంగో అప్పటికి బెల్జియం రాజు రెండో లియోపోల్డ్ సొంత జాగీరు. 1908 దాకా అంతే. కాన్రాడ్ 1890లో స్వయంగా కాంగో నదిపై స్టీమరులో తిరిగాడు.

ఓ రోజు ఆ నవలికలో చెట్ల నీడలో ఆఫ్రికా కూలీలు ప్రాణాలు విడిచే ఘట్టం చెబుతున్నాను. ఒకతని మెడకు తెల్ల ఊలుదారం. కథ చెప్పే మార్లో జేబులోంచి బిస్కెట్టు తీసి ఇస్తాడు. అతని వేళ్లు మెల్లగా ముడుచుకుని దాన్ని పట్టుకుంటాయి, అంతే.

ములుగు వైపు పిల్లవాడు లేచి ‘‘ఆయన పేరేంది సార్?’’ అన్నాడు. పుస్తకంలో లేదన్నాను.

‘‘మా తాత సుత దొర గడీల వెట్టి చేసిండు సార్. ఆయన పేరు మా ఇంట్ల అందరికి ఎర్కే.’’

1975లో నైజీరియా రచయిత చినువా అచెబె అమెరికాలో ఇచ్చిన ఉపన్యాసంలో ఈ పుస్తకంపై ఎత్తిన అభ్యంతరం దీనికి దగ్గరిదే: తెల్లవాడి పతనం చూపడానికి ఆఫ్రికా వెనకతెర అయింది, అక్కడి మనుషులు మనుషులుగా కనబడరు. ఆ పిల్లవాడు అచెబెను చదవలేదు! అట్లని పుస్తకాన్ని పక్కన పెట్టమనను. ఏనుగు దంతాల దోపిడీకి నాగరికత అని పేరు పెట్టిన అబద్ధాన్ని అది బట్టబయలు చేసింది. రెండూ కలిపి చదవాలి.

మీ ఆదివారం అనుబంధంలో, వెట్టి చేసిన పెద్దల పేర్లు పంపమని పాఠకులను అడగండి. మొదటి పేరు నేనే పంపుతాను. మా నాయనమ్మ గడీలో వడ్లు దంచింది.

- విశ్రాంత అధ్యాపకుడు, హనుమకొండ