మంగళవారం సాయంత్రాలు మాకు తిరిగి ఇప్పించండి

డబ్లిన్‌లో మా పేట కమ్యూనిటీ హాలు వ్యవహారాలు చూస్తున్న అధికారి గారికి,

నమస్కారం. ఇదే విషయమై మీకు ఇంగ్లీషులో మూడు లేఖలు రాశాము. జవాబు రాలేదు. ఇక్కడి తెలుగువారు కూడా చదవాలని ఈసారి తెలుగులో, అందరి ముందు రాస్తున్నాను. ఇంగ్లీషు ప్రతి మీ కార్యాలయానికి పంపాను.

మా క్లబ్బులో వారానికోసారి జరిగే ఐరిష్ భాష తరగతిని, ఆ తర్వాత సాగే కేలీ అనే ఐరిష్ జానపద బృంద నృత్యాన్ని "హాజరు తక్కువ" అన్న ఒక్క మాటతో ఆపేశారు. వచ్చేది పదిహేను మందే, నిజమే. 2022 ఐర్లండ్ జనాభా లెక్కల్లో ఐరిష్ వచ్చునని చెప్పినవారు 18,73,997 మంది. చదువు వేళలు కాక రోజూ మాట్లాడేవారు 71,968 మందే. రాజ్యాంగం ప్రథమ అధికార భాషగా గుర్తించిన భాష పరిస్థితి ఇది. ఈ దూరం తగ్గేది ఇలాంటి చిన్న హాళ్లలోనే కదా!

ఫిబ్రవరి 1న ఐర్లండ్ పునీతురాలు సెయింట్ బ్రిజిడ్ పండుగ. ఆమె పేరిట శిలువలు అల్లడం ఇక్కడి ఆనవాయితీ. నిరుడు ఆ ముందురోజు మా తరగతికి వచ్చే, ఎనభై దాటిన ఒక పెద్దావిడ తుంగలాంటి పచ్చి పోచలు మడిచి మా అమ్మాయికి శిలువ అల్లడం నేర్పారు. పోచ విరిగినప్పుడల్లా ఆవిడ ఐరిష్‌లోనే విసుక్కునేవారు. మా అమ్మాయికి ముందుగా పట్టుబడినవి ఆ విసుగు మాటలే. భర్త పోయాక ఆవిడతో ఆ భాషలో మాట్లాడేది మేమే, అదీ వచ్చీరాని ఉచ్చారణతో. ఇప్పుడు ఆవిడ ఇల్లు కదలడం లేదు.

మంగళవారం 7 నుంచి 9 గంటల వరకు హాలును మాకు తిరిగి కేటాయించవలసిందిగా కోరుతున్నాము. కుదరదంటే, కారణాన్ని ఈ నెలాఖరులోగా రాతపూర్వకంగా తెలియజేయండి.

ఇట్లు,
క్లబ్బు సభ్యుల తరఫున,
ఒక తెలుగు తండ్రి