నాయిన మతిమరుపు సంగతి

శీనూ,

నీ ఉత్తరం అందింది. నాయిన పొద్దుగూకంగనే సంచి సదురుకొని "ఇంటికి పోదాం పా" అంటున్నడని, పాసుబుక్కు వదిన ఎత్తుకపోయిందని లొల్లి చేస్తున్నడని రాసినవ్. ఆఖర్ల "ముసలితనం, ఏం జేస్తం" అని ఒక ముక్క ఇసిరినవ్ చూడు, నాకు దాని మీదనే కోపమొచ్చింది. సైకిలు యాడ పెట్టిండో మర్చిపోవుడు ముసలితనం. నలభై ఏండ్ల సంది నడిపిన మోటరు స్టార్టర్ ముంగట నిలవడి ఏ బటన్ ఒత్తాల్నో తెలువకపోవుడు రోగం.

అట్లని అల్జీమర్స్ (మెదడు మెల్లగ దెబ్బతిని మతి పోయే రోగం) అని మనమే పేరు పెట్టొద్దు. విటమిన్ బి12 తగ్గినా, థైరాయిడ్ మందగించినా, మనసు కుంగినా మతి గిట్లనే తప్పుతది. అవి మందుకు లొంగేటివి. రక్తపరీక్షలల్ల ఆ రెండు, షుగరు, సోడియం చూపియ్యి. తలకాయ స్కానింగ్ తప్పకుంట తీపియ్యి. రెండు నెలల కింద బాయిగడ్డ మీద జారిపడ్డడంటివి గద, పుర్రె లోపట మెల్లగ రక్తం గూడినా మనిషి గిట్లనే అయితడు. అది తీసేస్తే తేరుకోవచ్చు. నల్లగొండ మెడికల్ కాలేజీ దవాఖానల మొదలువెట్టు. నరాల డాక్టరు కావాలంటే హైదరాబాద్‌ల నిమ్స్, ఉస్మానియా, గాంధీ ఉండనే ఉన్నయి.

అల్జీమర్సే అని తేలితే డొనెపెజిల్ అనే గోలీ రాస్తరు. రాత్రిపూట 5 మిల్లీగ్రాములతోని మొదలువెట్టి, నెలా నెలన్నర చూసి 10 చేస్తరు. అది రోగాన్ని పోగొట్టదు. కొందరికి కొన్నాళ్లు పరిస్థితిని నిలబెడ్తది, అంతే. వాంతికొచ్చినట్లయినా, విరేచనాలైనా, నాడి నెమ్మదిగ కొట్టుకొని కండ్లు తిరిగినా డాక్టరుకు చెప్పు. పీడకలలొస్తే అదే గోలీని పొద్దున ఇయ్యమంటరు.

ఇగ "ఇంటికి పోదాం" సంగతి. ఈ రోగం ముందుగాల కొత్త యాదిని దాసుకునే జాగను తింటది. నిన్నటి ముచ్చట నిలువదు, యాభై ఏండ్ల కిందిది మాత్రం పచ్చిగ ఉంటది. నాయిన పోతానన్న ఇల్లు ఎన్నడో కూలిన ఆ పెంకుటిల్లేమో! "ఇదే మనిల్లు" అని నువ్వు వాదిస్తే ఆయనకు బుగులు పెరుగుతది. "సరే నాయినా, ఇంత బువ్వ తిని పోదాం" అని గల్లీల ఒక చుట్టు తిప్పి తీసుకరా. పొద్దు వాలకముందే, అయిదింటికే లైట్లేసెయ్, నీడలు చూసి జడుసుకుంటరు. మూడు దాటినంక చాయ్ వద్దు, పగటి నిద్ర అరగంట మించొద్దు. ఆ యాళ్లకు చేతికి పని ఇయ్యి: పల్లికాయ ఒలుచుడు, చింతపండుల గింజ తీసుడు. ఒలిచినయి, ఒలువనియి కలిపేస్తడు, కలపనియ్యి.

పాసుబుక్కుకు ఒక ఉపాయం ఉన్నది. అసలుది బ్యాంకు లాకర్ల పెట్టి, జిరాక్సు అసోంటిదే కవర్ల పెట్టి ఆయన పెట్టెల ఉంచు. దాసిపెట్టింది ఆయనే, దాసిన సంగతి మర్చిపోయిండు కాబట్టి ఎవలో ఎత్తుకపోయిండ్రనిపిస్తది. రోజంత దగ్గరున్న మనిషి మీదికే నింద పోతది. వదినకు ఈ మాట నువ్వే కూసొని చెప్పు. "ఎవలు తీసిండ్రు?" అని పంచాయితి వెట్టకుంట "దా, ఎతుకుదాం" అంటె సాలు.

అన్నిటికన్న తొందర కాగితాలది. చానమంది జీపీఏ (ఆయన తరఫున పనులు చేసే అధికారపత్రం) రాయించుకుంటే అయిపాయె అనుకుంటరు. రాసిచ్చిన మనిషికి మతి తప్పితే మన కాంట్రాక్టు చట్టం ప్రకారం ఆ అధికారం గూడ పోతది, అంటె అక్కరొచ్చిన నాడే అది చెల్లది. నాయినకు ఇంకా పొలం ఎంతో, పిల్లలెవరో, ఎవలకేం ఇయ్యాల్నో తెలుస్తున్నది గద, వీలునామా గిప్పుడే రాయించు. ఇద్దరు సాక్షులు కావాలె, ఆస్తి వచ్చేటోళ్లు సాక్షి సంతకం పెట్టొద్దు. అదే రోజు డాక్టరుతోని "మతి సక్కగున్నది" అని రాయించుకొని సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుల రిజిస్టర్ చేయించు. బ్యాంకు ఖాతా ఇద్దరిల ఎవలైనా తీసుకునేటట్లు జాయింట్ చేయించు. నాయిన బతికుండంగనే భూమి గిఫ్ట్ డీడ్ (దానపత్రం) చేస్తనంటే, "చూసుకోవాలె" అన్న షరతు దస్తావేజులనే రాయించు. చూసుకోకుంటే 2007 నాటి పెద్దోళ్ల పోషణ చట్టం కింద ఆర్డీవో కాడి ట్రిబ్యునల్‌ల రద్దు చేయించొచ్చు. ఇది నీకు గిట్టదేమో గని, తమ్మునికి, చెల్లెకు నీ మీద అనుమానం రాకుంట గూడ అదే కాపాడ్తది. మతి పూర్తిగ పోయినంక అయితే గార్డియన్ కోసం హైకోర్టు మెట్లెక్కాలె. పైసలు, ఏండ్లు రెండూ కరుగుతయి.

ఇల్లు గూడ ఒకపారి కలియజూడు. పత్తికి కొట్టే మందు డబ్బాలు తాళమేసిన గదిల ఉండాలె. దగ్గు మందనుకొని తాగుతరు. స్టార్టర్ డబ్బకు తాళం, బాయికి కంచె. తలుపు గొళ్లెం కంటికి అందని ఎత్తుల బిగించు, కాని ఒక్కణ్ణి లోపట పెట్టి తాళమెయ్యకు. బనీను లోపలిదిక్కు నీ ఫోన్ నంబరు కుట్టియ్యి. తప్పిపోతే ముందుగాల పాత పొలం తొవ్వ, బస్టాండు చూడు. పోలీసులకు 112కు ఫోన్ చెయ్యనీకి సంకోచపడకు. తెల్ల పళ్లెంల తెల్లబువ్వ ఆయనకు కనపడకపోవచ్చు, రంగు పళ్లెం వాడు.

ఒక్కటి గట్టిగ యాదివెట్టుకో. ఈ రోగం మెల్లగ ఏండ్ల మీద ముదురుతది. ఒకటి రెండు రోజులల్లనే మనిషి తారుమారైతే అది వేరే: మూత్రంల ఇన్ఫెక్షన్, మలబద్ధకం, నీళ్లు తాగకపోవుడు అసోంటియి. ఎండలకు దాహమని అడగడు, గంట గంటకు సగం గ్లాసు నువ్వే పట్టియ్యి. నొప్పి గూడ చెప్పలేడు, కోపం చేస్తడు. మర్రిగూడ దిక్కు ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుము కట్టుకపోయినోళ్లల్ల ఇది మరీ ఎక్కువ కనిపిస్తది. స్నానానికి ఎదురుతిరిగితే ముందు కీళ్లు చూడు.

రాత్రి కాపలా నువ్వు, వదినే కాస్తే ఆర్నెల్లు తిరక్కుంట మీరే మంచాన పడ్తరు. తమ్ముడు పైసలు పంపుడు సాలదు, నెలకు ఒక వారం వచ్చి ఉండాలె. పెద్దోళ్ల గురించి అడగనీకి 14567, మీ మనసు బరువెక్కితే 14416 ఉన్నయి, పైసలడగరు.

దవాఖానకు పోయిన్నాడు ఇంట్ల ఉన్న గోలీలన్ని ఒక సంచిల ఏసుకపో. దురదకు, జలుబుకు ఊర్ల ఇచ్చే ఏవిల్ అసోంటియి, నిద్రగోలీలు ఈ మతిని ఇంకింత చెడగొడ్తయి. నువ్వే తీసి పారెయ్యకు, డాక్టరు ముంగట కుమ్మరియ్యి.

నీ
యాదగిరి