క్లోమం ఏ గ్రంథో మీ కీ చెప్పాలా?

సంపాదకుడు గారికి,

పది రోజుల కిందట మీ పోటీ పరీక్షల పేజీలో జీవశాస్త్రం బిట్లు వేశారు. మర్నాడో ఎల్లుండో సవరణ వస్తుందని చూశాను. రాలేదు. ఇక ఉండబట్టక రాస్తున్నాను.

'కింది వాటిలో నాళ గ్రంథి కానిది ఏది?' అని అడిగి లాలాజల గ్రంథి, స్వేద (చెమట) గ్రంథి, క్లోమం (ప్యాంక్రియాస్), అవటు గ్రంథి (థైరాయిడ్) ఇచ్చారు. కీలో జవాబు క్లోమం! నాళమన్నదే లేని అవటు గ్రంథి ఏం పాపం చేసిందండీ? క్లోమం రెండు పనులూ చేస్తుంది. జీర్ణరసాన్ని నాళం గుండా ఆంత్రమూలంలోకి, అంటే చిన్నపేగు మొదటి భాగంలోకి పంపుతుంది, ఇన్సులిన్‌ను తనలోని లాంగర్‌హాన్స్ పుటికలనే కణాల గుంపుల నుంచి నేరుగా రక్తంలో కలుపుతుంది. అందుకే దాన్ని మిశ్రమ గ్రంథి అన్నారు. ఆ పుటికలను పాల్ లాంగర్‌హాన్స్ 1869లో, ఇంకా విద్యార్థిగా ఉన్నప్పుడే చూశాడు. ఆ కబురు మీ డెస్కుకు ఇంకా చేరినట్టు లేదు.

ఏ గ్రంథి ఏ తీరున స్రవిస్తుందో చెబుతూ కింద వేసిన పట్టిక ఇంకా ఘోరం. హోలోక్రైన్ ఎదురుగా స్వేద గ్రంథి! హోలోక్రైన్ అంటే కణం మొత్తం పగిలి తానే స్రావమైపోవడం. వెంట్రుక కుదుళ్ల దగ్గర నూనె ఊరే చర్మవసా గ్రంథులది ఆ తీరు. చెమట కూడా అట్లాగే పట్టేదైతే మే నెల దాటేసరికి పాలమూరులో ఒక్కరికీ చెమట గ్రంథి మిగలదు. చెమటా లాలాజలమూ మీరోక్రైన్: సరుకు బయటికి పోతుంది, కణం చెక్కుచెదరదు. పాలలో కొవ్వు వచ్చే తీరు అపోక్రైన్, కణం పైకొస కొంత తెగి దాంతోపాటే వస్తుంది.

నేను క్లాసులో పంట కాలువతో చెప్పేవాణ్ణి. నాళ గ్రంథికి కాలువ ఉంటుంది, పారాల్సిన మడిలోకే పారుతుంది. వినాళ గ్రంథికి కాలువ లేదు, దాని హార్మోను రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతుంది. (మా సాగర్ ఎడమ కాలువ చివరి భూములకు నీళ్లందని సంగతి ఇంకో ఉత్తరంలో రాస్తాను.) మటన్ కొట్టు నుంచి మేక కార్జం తెప్పించి పిత్తాశయాన్నీ పైత్యరసం దిగే నాళాన్నీ పిల్లల చేత పట్టించి చూపేవాణ్ణి. ఈమధ్య ఒక బడికి వెళ్తే ల్యాబ్ గదిలో బియ్యం బస్తాలున్నాయి. అడిగితే పెట్టడానికి వేరే చోటు లేదన్నారు. తనిఖీకి వచ్చే అధికారులు రిజిస్టర్లు చూసి, చాయ్ తాగి వెళ్తారు. ఆ గది తలుపు తీయించిన వాళ్లు లేరు.

హైదరాబాద్ వెళ్లి అశోక్‌నగర్‌లో వేలకు వేలు కట్టి కోచింగ్ తీసుకోలేని పిల్లలకు మీ పేజీయే కోచింగ్. దాన్ని కత్తిరించి నోటుబుక్కులో అంటించుకుంటారు. సవరణ వేస్తే అదే పేజీలో, అదే సైజు అక్షరాల్లో వేయండి. టెండర్ నోటీసుల కింద కాదు. మా వీధి అబ్బాయి నోటుబుక్కులో ఆ జవాబు ఎర్ర ఇంకుతో కొట్టేశాను. 'పేపర్లో ఇట్లనే ఉంది కదా సార్, వాళ్లు మారిస్తే నేనూ మారుస్త' అన్నాడు.

– ఒక విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయుడు,
మిర్యాలగూడ, నల్లగొండ జిల్లా