ట్రాలీ ఆటో అన్నకు

ఇంటి పక్క ఖాళీ స్థలంలో కూరగాయల మడులు కట్టాలని చీమకుర్తిలో పాలిషింగ్ వాళ్లు పారేసే గ్రానైట్ ముక్కలు అడిగి తీసుకున్నాను. స్కూటీ బరువు మోయలేక ఒంగోలు దారిలో ఆగిపోయాను. మీరు ఖాళీ బండితో వెళ్తూ ఆగి, అన్నీ ఎక్కించుకుని మా వాకిట్లో దించారు.

అంతటితో వెళ్లిపోలేదు. రాయిని నిలువుగా, మూడోవంతు నేలలోకి దిగేలా పాతాలనీ, లేకపోతే తడిసిన మట్టి బరువుకు బయటికి ఒరుగుతుందనీ చెప్పి, రెండు రాళ్లు మీరే పాతి చూపించారు. బండిలో ఉన్న రొయ్యల చెరువు పాత వల కూడా ఇచ్చారు. "ఉప్పు పోయేదాకా కడిగి, బీరపాదుకు పందిరి వేసుకోమ్మా" అన్నారు.

డబ్బులిస్తే తీసుకోలేదు. మంచినీళ్లు తాగి వెళ్లారు. పేరైనా అడగలేదే అని ఇప్పటికీ బాధగా ఉంది. అన్నా, గోంగూర మొలిచింది. బీరతీగ వల అందుకుంది. మా వీధి గుర్తుంటే ఒక్కసారి రండి, మొదటి కాయలు మీకే.