నీ పీఆర్ సంగతి

చిన్నీ,

ఫోన్‌లో సగం మాట చెప్పి ఆపేస్తున్నావు. కింద బేస్‌మెంట్‌లో వాషింగ్ మెషీన్ చప్పుడు తప్ప నాకింకేమీ వినబడటం లేదు. అందుకే మెయిల్ రాస్తున్నాను. తీరిగ్గా చదువుకో, చదివాక తీసెయ్.

కెనడాలో శాశ్వతంగా ఉండటానికి నీకిచ్చిన ఆ పీఆర్ గురించి మీ ఆయన, "విడిపోతే నీ పీఆర్ క్యాన్సిల్ చేయించి ఇండియా ఫ్లైటెక్కిస్తా" అన్నాడన్నావు. ఆ పని అతని చేతిలో లేదమ్మా. అతను చేసింది, నా భార్యను రప్పించుకుంటానని పూచీ పడి స్పాన్సర్ చేయడం వరకే. పీఆర్ ఇచ్చింది కెనడా ప్రభుత్వం. ఒకసారి వచ్చాక కాపురం చెడినా, విడాకులైనా అది నీతోనే ఉంటుంది. పోయే దారులు వేరే ఉన్నాయి. ఐదేళ్లలో కనీసం 730 రోజులు అక్కడ ఉండకపోతే పోవచ్చు. అబద్ధాలు చెప్పి తెచ్చుకున్నావని తేలితేనో, పెద్ద నేరంలో ఇరుక్కుంటేనో పోవచ్చు. లేదా నాకొద్దని నువ్వే సంతకం పెట్టివ్వాలి. మొగుడికి కోపమొచ్చిందన్న కారణం ఆ చట్టంలో ఎక్కడా లేదు. కోర్టు ఆఫీసులో ఇన్నేళ్లు ఫైళ్లు తిప్పినదాన్ని, నాకు తెలుసు, ఇలా బెదిరించేవాళ్లను ఏ సెక్షన్ కింద బాబూ అని అడిగితే నీళ్లు నములుతారు.

మీ మేనత్త కూడా మొన్న "రెండేళ్లు కలిసుండాలంట కదా వదినా" అంది. ఆవిడ చెప్పిన రూలు ఒకప్పుడు నిజంగానే ఉండేది. 2012 అక్టోబరు నుంచి, కొత్తగా పెళ్లై పిల్లలు లేని జంటల్లో స్పాన్సర్ మీద వచ్చినవాళ్లు రెండేళ్లు కలిసి కాపురం చేస్తేనే పీఆర్ నిలిచేది. ఆ రూలుకు భయపడి ఆడవాళ్లు దెబ్బలు తింటూ పడి ఉంటున్నారని గొడవై, 2017 ఏప్రిల్‌లో తీసేశారు. నువ్వు వెళ్లింది ఆ తర్వాత ఎన్నేళ్లకో. అమెరికాలో కొత్త జంటలకు రెండేళ్ల గ్రీన్‌కార్డు పద్ధతి ఇప్పటికీ ఉంది. మనవాళ్లు ఆ రెండు దేశాలనూ ఒకే గాటన కట్టేసి నిన్ను హడలగొడుతున్నారు.

నిజానికి ఇరుక్కున్నది అతను. నిన్ను స్పాన్సర్ చేసేటప్పుడు, నీకు పీఆర్ వచ్చిన రోజు నుంచి మూడేళ్లు నీ తిండీ బట్టా తన పూచీ అని రాసిచ్చాడు. మీరు విడిపోయినా ఆ పూచీ రద్దు కాదు. గతిలేక నువ్వు ఒంటారియో వర్క్స్ డబ్బు, అంటే మీరుండే ఒంటారియో రాష్ట్రంలో ఇబ్బందుల్లో ఉన్నవాళ్లకిచ్చే సాయం, తీసుకుంటే అక్కడి ప్రభుత్వం దాన్ని అతని దగ్గర వసూలు చేసుకోవచ్చు. ఆ మూడేళ్లూ గడవకుండా ఇంకో భార్యను స్పాన్సర్ చేసుకోవడానికీ వీల్లేదు. అతని కోపంలో సగం ఇదేనేమో అని నా అనుమానం.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. నాకు భయం అతని బెదిరింపు గురించి కాదు, అతని మంచితనం గురించి. ఏదో ఒక రోజు మెత్తబడి, "ఇండియా వెళ్దాం, పెద్దల్లో కూర్చుని మాట్లాడుకుందాం" అని టికెట్లు తీస్తాడు. రావద్దు. కూతుర్ని ఇంటికి రావద్దని రాయడం నాకు ఎంత కష్టంగా ఉందో నీకు తెలుసు, అయినా రాస్తున్నాను. ఇక్కడ దింపి, నీ పాస్‌పోర్టూ పీఆర్ కార్డూ జేబులో వేసుకుని తనొక్కడే వెళ్లిపోతే నీ గతేంటి? కార్డు చేతిలో లేకపోతే విమానం ఎక్కనివ్వరు. కార్డు లేనివాళ్లు తిరిగి వెళ్లడానికిచ్చే పీఆర్ ట్రావెల్ డాక్యుమెంట్ కోసం అప్లై చేసి, అది వచ్చేదాకా ఇక్కడే కూర్చోవాలి. ఆ ఎదురుచూపులో నీ 730 రోజుల లెక్క కరిగిపోతూ ఉంటుంది. ఇలా వదిలేసి వెళ్లిన సంసారాలు మన ఎరుకలోనే ఉన్నాయి, పేర్లెందుకు. ఏ కాగితం ముందుపెట్టినా, బ్యాంకు ఫారమని చెప్పినా సరే, చదవకుండా సంతకం పెట్టకు. పీఆర్ వదులుకుంటున్నానని రాసిచ్చే దరఖాస్తు కూడా ఒకటుంటుంది.

కార్డు అతను దాచేశాడని బెంగపడకు. కార్డు పోయినా, గడువు తీరినా, నీ హోదా పోదు. ఇంకో కార్డుకి అప్లై చేసుకోవచ్చు. నీకు పీఆర్ వచ్చిందని ల్యాండింగ్ అప్పుడు ఇచ్చిన కన్ఫర్మేషన్ పత్రం, పాస్‌పోర్టు పేజీలు ఫోటోలు తీసి నాకు పంపు. వాటితోపాటు పెళ్లి ఫోటోలు, ఇద్దరి పేర్లతో ఉన్న ఇంటి అద్దె పత్రం, జాయింటు ఖాతా స్టేట్‌మెంట్లు, పాత మెసేజ్‌లు కూడా. ఎందుకంటే "కెనడా కోసమే నన్ను పెళ్లి చేసుకుంది" అని రేపు అతను ఫిర్యాదు చేయొచ్చు. ఫిర్యాదు చేసినంత మాత్రాన ఏమీ జరగదు. పెళ్లి మొదట్నుంచీ బూటకమని అక్కడి ఇమిగ్రేషన్ వాళ్లు తేల్చాలి. నిజంగా కాపురం చేసి తర్వాత చెడడం మోసం కాదు. ఎవరు అడిగినా, ఎప్పటి నుంచి వేరుగా ఉంటున్నారంటే అసలు తేదీయే చెప్పు.

విడాకులకు తొందరేమీ లేదు. మామూలుగా అక్కడ ఏడాది వేరుగా ఉంటే చాలు, తప్పెవరిదని నిరూపించనక్కర్లేదు. ఒకే కప్పు కింద వేర్వేరుగా బతికినా లెక్కలోకి వస్తుంది. పెళ్లి ఇక్కడ జరిగినా, మీలో ఒకరు ఏడాదిగా ఒంటారియోలో ఉంటే ఆ కోర్టుకే వెళ్లొచ్చు.

నీ స్నేహితురాలి సంగతి అడిగావు. ఆ పిల్లకి నీలా పీఆర్ ఇంకా రాలేదు, అదీ చిక్కు. పీఆర్ చేతికి రాకముందు మొగుడు స్పాన్సర్‌షిప్ వెనక్కి తీసుకుంటే ఆ అప్లికేషన్ అక్కడితో ఆగిపోతుంది. కొడుతున్నాడు కాబట్టి, ఇంట్లో హింసకు గురైనవాళ్లకు ఫీజు లేకుండా ఇచ్చే తాత్కాలిక నివాస పర్మిట్ ఒకటుంది, 2019 జులై నుంచి ఇస్తున్నారు. దాంతో పని చేసుకునే పర్మిట్ కూడా అడగొచ్చు. మానవతా కారణాల మీద పీఆర్‌కి అప్లై చేసే దారీ ఉంది. కానీ ఆమె మాత్రం లాయర్ని కలవకుండా ఒక్క అడుగూ వేయకూడదు.

ఇంకో మాట. ఇప్పుడా ఈ మాట అని తిట్టుకోకు. స్పాన్సర్ మీద వచ్చినవాళ్లు పీఆర్ వచ్చిన రోజు నుంచి ఐదేళ్లదాకా తాము ఇంకో భర్తను స్పాన్సర్ చేయలేరు. ఎప్పటికైనా పనికొస్తుందని చెప్పానంతే.

చేయెత్తితే మాత్రం ఆలోచించకు, అక్కడి ఎమర్జెన్సీ నంబరు 911కి ఫోన్ చెయ్. మిగతా వాటికి న్యాయసాయం చేసే లీగల్ ఎయిడ్ ఒంటారియోకి ఫోన్ చేసి, తెలుగు దుబాసీ కావాలని అడుగు. అతని స్నేహితుల్లో ఎవరినీ మధ్యలో పెట్టుకోకు.

నాన్నకి అంతా చెప్పాను. అరిచి, ఇప్పుడే లాయరు ఫీజు కోసం డబ్బు పంపడానికి బ్యాంకుకెళ్లారు. అది నీ ఒక్కదాని పేరు మీదున్న ఖాతాలోనే పడాలి. అలాంటిది లేకపోతే రేపే తెరువు, నంబరు నాకు పంపు.

అమ్మ