వార్షిక నివేదిక, 2024: కార్యదర్శి నుంచి సభ్యులకు

అమెరికాలోని మన తెలుగు సంఘం సభ్యులందరికీ నమస్కారం.

ఏటా సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి నివేదిక చదవాలని మన నియమావళిలో ఉంది. నిరుడు అది ఎనిమిది పేజీలయిందని, వంటలు చల్లారిపోయాయని కొందరు నొచ్చుకున్నారు. ఈసారి కుదించాను. కుదించింది పండగల భాగం. మిగతాది కాస్త ఓపిగ్గా వినాలి.

సంక్రాంతి, ఉగాది, వినాయక చవితి, బతుకమ్మ, దీపావళి ఎప్పటిలాగే జరిగాయి. బతుకమ్మ నాడు వాన ముంచుకొస్తే అప్పటికప్పుడు స్కూలు జిమ్ మాట్లాడిపెట్టిన వదినగారికి, చవితి పత్రి కోసం తమ పెరడంతా దులిపించుకున్న దంపతులకు సంఘం రుణపడి ఉంది. ఆదివారం తెలుగు బడిలో పిల్లలు పెరిగారు, టీచర్లు పెరగలేదు. ఫోటోలన్నీ వాట్సాప్‌లో ఉన్నాయి.

మగవాళ్ళ మాట

ఈ ఏడు మనం గర్వంగా చెప్పుకోవలసిన పని అమెరికాలో ఆసియా మగవాళ్ళు ఎదుర్కొన్న వివక్ష మీద అక్టోబరులో లైబ్రరీ హాల్లో పెట్టిన ప్రదర్శన. దాని పుట్టుక మాత్రం ఫిబ్రవరిలో, పాట్‌లక్ (తలో వంటా తెచ్చుకునే విందు) అయిపోయాక గిన్నెలు తోముతున్న చోట. గ్యాస్ స్టేషన్‌లో రాత్రి డ్యూటీ చేసే మన సభ్యుడొకాయన ఉన్నట్టుండి ఓ మాటన్నారు. కుర్రాళ్ళు గుంపుగా వచ్చి, ఏదో ఒకటి కొని, పోతూ పోతూ "థాంక్యూ, కమ్ అగైన్" అని 'ది సింప్సన్స్' అనే టీవీ కార్టూన్‌లో దుకాణం నడిపే భారతీయుడు అపూ యాసలో వెక్కిరించి వెళ్తారట. పన్నెండేళ్ళుగా ఇదే తంతు. ఆ వారం మాత్రం వెక్కిరింతతో పాటు మంచుగడ్డ కూడా విసిరారు. మేం ముందు నవ్వాం. ఆయన నవ్వలేదు.

ఆ తర్వాత ఒక్కొక్కరూ నోరు విప్పారు. పదిహేనేళ్ళుగా ఒకే కంపెనీలో ఉన్న ఒకాయనకు ప్రతి రివ్యూలోనూ అదే వాక్యం: టెక్నికల్‌గా గట్టివాడు, లీడర్‌షిప్ ప్రెజెన్స్ లేదు. ఆయన మీటింగులో గొంతు పెంచితే దురుసు, పెంచకపోతే మెతక. ఇక్కడే పుట్టిన కుర్రాడొకడు డేటింగ్ యాప్‌లో ఎన్నిసార్లు "ఇండియన్లు వద్దు" అని చదివాడో వాళ్ళ నాన్న ముందే చెప్పాడు. ఆ తండ్రి ముఖం నేను చూడలేకపోయాను. మన ఇళ్ళలో మగపిల్లాడు మార్కుల గురించి చెప్తాడు, ఉద్యోగం గురించి చెప్తాడు. తనను ఎవరైనా తక్కువ చేశారని చెప్పడు. "ఊరకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదు" అంటూ పెంచిన తరం మాది. బోడిగుండు సంగతేమో గానీ, ఊరకుండటం వల్ల వచ్చిన సుఖం మాత్రం నాకు కనపడలేదు.

ఆ రాత్రే ఉపసంఘం వేశాం. నెలకోసారి కూర్చుని చదివాం, వెతికాం. ఆ అపూకి 1990 నుంచి గొంతిచ్చింది ఒక తెల్ల నటుడని చాలామందికి తెలుసు. 2017లో దాని మీద డాక్యుమెంటరీ తీసి నిలదీసిన హాస్యనటుడు హరి కొండబోలు తెలుగింటి బిడ్డేనని మాత్రం మాలో సగం మందికి తెలియదు. 2020లో ఆ తెల్ల నటుడు ఇక ఆ గొంతు ఇవ్వనన్నాడు. అడగందే అమ్మయినా పెట్టదంటారు, ఇక్కడ అడిగింది కూడా మన కుర్రాడే.

ప్రదర్శనకు పిల్లలు పద్నాలుగు ప్యానెళ్ళు తయారు చేశారు. అన్నిటి గురించీ చెప్పను. మొదటిది 1907 సెప్టెంబరు 4. వాషింగ్టన్ రాష్ట్రంలోని బెల్లింగ్‌హామ్‌లో కలప మిల్లుల్లో పనిచేసే మనవాళ్ళను వందల మంది మూక ఇళ్ళలోంచి ఈడ్చి కొట్టింది. కొద్ది రోజుల్లోనే వాళ్ళంతా ఊరొదిలి పోయారు. ఎక్కువమంది సిక్కులే అయినా పేపర్లు అందరినీ "హిందువులు" అనే రాశాయి. ఇంకో ప్యానెల్ దలీప్ సింగ్ సౌంద్‌ది. కాలిఫోర్నియాలోని బర్క్‌లీ యూనివర్సిటీలో లెక్కల్లో డాక్టరేట్ చేసి కూడా ఉద్యోగం దొరక్క ఇంపీరియల్ వ్యాలీలో పొలం పట్టిన మనిషి. భారతీయులకు పౌరసత్వం ఇవ్వని చట్టం 1946లో మారాకే ఆయనకు పౌరసత్వం వచ్చింది (కొత్త చట్టం భారతీయులకిచ్చిన వలస కోటా ఏడాదికి 100 మంది). 1956లో ఆయన అమెరికన్ కాంగ్రెస్‌కు ఎన్నికయ్యారు, ఆసియా మూలాలున్నవాళ్ళలో మొదటివారు. లీడర్‌షిప్ ప్రెజెన్స్ లేదనిపించుకున్న మన సభ్యుడు ఆ ప్యానెల్ ముందు చాలాసేపు నిలబడ్డారు.

ప్రసంగానికి వచ్చిన రిటైర్డ్ చరిత్ర ప్రొఫెసర్ గారికి ప్రత్యేక ధన్యవాదాలు. పారితోషికం తీసుకోలేదు, పార్కింగ్ టికెట్ కూడా తనే కట్టుకున్నారు. ఆసియా మగవాళ్ళు మెతకవాళ్ళన్న ముద్ర ఎక్కడ పుట్టిందో ఆమె విడమరిచి చెప్పారు. గనుల్లోంచి చైనా కూలీలను తరిమేశారు. మిగిలిన పని బట్టలుతకడం, వంట చేయడం. 1875 చట్టంతో చైనా ఆడవాళ్ళ రాకకు దాదాపు తలుపులు మూశారు, 1882 చట్టంతో కూలీల రాకకు మూశారు. పెళ్ళాం పిల్లలు లేకుండా, ఆడవాళ్ళ పనులని పేరు పెట్టిన పనులు చేస్తూ బతికినవాళ్ళను చూపించి "వీళ్ళు మగవాళ్ళేనా" అని నవ్వారు. అదే సమయంలో వీళ్ళ వల్ల తెల్ల ఆడవాళ్ళకు ప్రమాదమని కూడా ప్రచారం చేశారు. రెండూ ఒకేసారి ఎలా కుదురుతాయని ఎవరూ అడగలేదు. 1910లలో మూకీ సినిమాల్లో సెస్యూ హయకావా అనే జపాన్ నటుడి కోసం అమెరికన్ ఆడవాళ్ళు ఎగబడేవారని ఆమె చెప్తే హాల్లో కుర్రాళ్ళు ఈల వేశారు. అంటే ఇది పుట్టుకతో వచ్చిన ముద్ర కాదు, ఎవరో కూర్చుని వేసిందే.

అసలు కథ భగత్ సింగ్ థింద్ ప్యానెల్ దగ్గర జరిగింది. మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసిన ఈ పంజాబీకి 1923లో సుప్రీంకోర్టు పౌరసత్వం నిరాకరించింది. అప్పటి చట్టం పౌరసత్వాన్ని తెల్లవాళ్ళకూ ఆఫ్రికా సంతతికీ మాత్రమే ఇచ్చేది. సామాన్యుడి దృష్టిలో ఇతను తెల్లవాడు కాడని జడ్జి సదర్లాండ్ తీర్పు రాశారు. (ఆయనా ఇంగ్లండులో పుట్టి వలస వచ్చినవాడే.) ఆ తీర్పుతో అంతకుముందు వచ్చిన పౌరసత్వాలు కూడా ఊడాయి. అలా పోగొట్టుకున్న శాన్‌ఫ్రాన్సిస్కో వ్యాపారి వైష్ణో దాస్ బగాయ్ 1928లో ప్రాణం తీసుకున్నారు. ఇదంతా చదివి మా ఎనిమిదో తరగతి పిల్లాడు మైకు పట్టుకుని, "థింద్ గారు కోర్టులో తాను ఉన్నత కులపు ఆర్యుణ్ణి, కాబట్టి తెల్లవాణ్ణి అని ఎందుకు వాదించారు? అందరికీ పౌరసత్వం ఇమ్మని ఎందుకు అడగలేదు?" అన్నాడు. హాలు నిశ్శబ్దమైపోయింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు పెద్దవాళ్ళం ఒకరి ముఖాలొకరు చూసుకున్నాం.

ఎందుకంటే మన మాటా అదే. మంచుగడ్డ కథ విన్న రాత్రి మాలో ఒకరు "మనల్ని అరబ్బులనుకుని ఉంటారు" అన్నారు. కోవిడ్ రోజుల్లో "మనం చైనావాళ్ళం కాదు కదా" అని ఊపిరి పీల్చుకున్నవాళ్ళం. ఆఫీసులో చైనా సహోద్యోగి గురించి, నల్లవాళ్ళ గురించి మన భోజనాల బల్లల దగ్గర వినపడే మాటలు ఇక్కడ రాయను. నేను వాడిని కాదు, నేను వేరు అన్న వాదన థింద్‌ను కాపాడలేదు. 1982లో డెట్రాయిట్‌లో జపాన్ కార్ల మీది కోపంతో బేస్‌బాల్ బ్యాటుతో కొట్టి చంపిన విన్సెంట్ చిన్ చైనీయుడు. చంపినవాళ్ళకు మొదట పడిన శిక్ష ప్రొబేషన్, 3,000 డాలర్ల జరిమానా. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్‌లోని ఒలేతలో "మా దేశం విడిచి పో" అని కాల్చిన తుపాకీకి మన హైదరాబాదు శ్రీనివాస్ కూచిభొట్ల బలయ్యాడు. కాల్చినవాడు శ్రీనివాస్‌నూ పక్కనున్న స్నేహితుణ్ణీ ఇరానీయులనుకున్నాడట. ఇరానీయుడైతే చంపవచ్చా అని ఆరోజు మనలో ఎంతమందిమి అడిగాం? నేను అడగలేదు. ఒలేత బార్‌లో అడ్డుపడి గుండు దెబ్బ తిన్న అపరిచితుడు మాత్రం ఎవరు ఎవరని అడగలేదు.

తర్వాత హార్వర్డ్ యూనివర్సిటీ అడ్మిషన్ల కేసు మీద చర్చ. ఆసియా విద్యార్థులకు "వ్యక్తిత్వం" మార్కులు తక్కువ పడ్డాయన్న లెక్కలు, అడ్మిషన్లలో జాతిని లెక్కలోకి తీసుకోకూడదన్న 2023 సుప్రీంకోర్టు తీర్పు, రిజర్వేషన్లు, ఇండియా, ఆంధ్రా, తెలంగాణ అన్నీ వచ్చాయి. నలభై అయిదు నిమిషాలు నడిచింది, తేలలేదు, లైబ్రరీవాళ్ళు లైట్లు ఆర్పితే ఆగింది. "నాదెళ్ళ లేడా, పిచాయ్ లేడా, ఇంకా ఎక్కడ వివక్ష?" అన్న సభ్యులకు ఒకటే విన్నపం: ఆ మాట గ్యాస్ స్టేషన్ కౌంటరు వెనక రాత్రి రెండింటికి నిలబడి అనండి.

కార్డుల పని

2015లో అలబామాలో మనవణ్ణి చూసుకోవడానికి గుజరాత్ నుంచి వచ్చిన ఒక తాతగారు వీధిలో నడుస్తుంటే పొరుగింటివాళ్ళు పోలీసులను పిలిచారు. ఇంగ్లీషు రాని ఆయన్ను ఒక పోలీసు నేలకేసి కొడితే మెడ దెబ్బతిని పక్షవాతం వచ్చింది. మన పెద్దలూ రోజూ నడకకు వెళ్తారు. అందుకే పేరు, ఇంటి చిరునామా, పిల్లల ఫోన్ నంబర్లు రాసుకునేలా, "నాకు ఇంగ్లీషు సరిగా రాదు, దయచేసి ఈ నంబరుకు ఫోన్ చేయండి" అని అచ్చేసిన జేబు కార్డులు 300 చేయించాం. 120 పోయాయి. నడవడానికి కార్డెందుకని ఒక పెద్దాయన అడిగారు. జవాబు చెప్పడం కష్టమైంది.

రానివాళ్ళ గురించి

చెప్పక తప్పదు. ప్రదర్శనకు వాట్సాప్‌లో బొటనవేలు ఎత్తినవాళ్ళు 31 మంది, పొద్దున బల్లలు ఎత్తినవాళ్ళు అయిదుగురు. ఆ అయిదుగురిలో ముగ్గురు ఆడవాళ్ళు. విషయం మగవాళ్ళ గురించి, హాలు నిండింది మాత్రం అమ్మలతో, అక్కయ్యలతో, పిల్లలతో. అదే రోజు క్రికెట్ మ్యాచ్ ఉందని నాకూ తెలుసు. స్థానిక పోలీసు అధికారి ఒకరు వచ్చి సభ్యుల ప్రశ్నలకు జవాబిస్తామని రెండుసార్లు ఖాయం చేశారు, రాలేదు, ఇప్పటికీ ఫోన్ ఎత్తలేదు. ప్యానెళ్ళు బడిలో పెట్టుకుంటారా అని విద్యాశాఖ ఆఫీసుకు రాసిన ఉత్తరం నవంబరు నుంచి "పరిశీలనలో" ఉంది. మంచుగడ్డ ఫిర్యాదుకు నంబరిచ్చారు, నంబరే మిగిలింది.

లెక్కలు

జమాఖర్చుల పట్టిక వెనక పేజీలో ఉంది. హాలు అద్దె, ఇన్సూరెన్స్ పెరిగాయి, చందాలు పెరగలేదు. ప్యానెళ్ళకూ కార్డులకూ కలిపి 640 డాలర్లయింది. ఆడిట్ చేసిన ఇద్దరు పెద్దలు సంతకం పెట్టారు. సందేహాలుంటే కోశాధికారి గారిని భోజనాలయ్యాకే అడగండి.

కృతజ్ఞతలు

పేర్లు వద్దని చాలామంది చెప్పారు కాబట్టి పేర్లు లేవు. ప్యానెళ్ళు గీసిన పిల్లలకు, వాళ్ళను ప్రతి శనివారం కారులో తిప్పిన తల్లులకు, అచ్చుతప్పులు దిద్దిన బాబాయి గారికి, పులిహోర కలిపి నలభై మైళ్ళు తెచ్చిన పిన్ని గారికి, ఆ ఎనిమిదో తరగతి కుర్రాడికి, గిన్నెల దగ్గర మొదటి మాటన్న సభ్యుడికి. ఆయన ఇంకా అక్కడే రాత్రి డ్యూటీ చేస్తున్నారు. అటుగా వెళ్తే పెట్రోలు అక్కడే పోయించుకోండి, లోపలికెళ్ళి పలకరించండి.

నా పదవీకాలం ఈ సమావేశంతో ముగుస్తుంది. కార్యదర్శి పదవికి ఇప్పటిదాకా ఒక్క నామినేషనూ రాలేదు. ప్యానెళ్ళు, బల్లగుడ్డలు, మిగిలిన 180 కార్డులు మా గరాజ్‌లో ఉన్నాయి. శనివారం పది తర్వాత ఎప్పుడైనా వచ్చి తీసుకెళ్ళవచ్చు. నేను లేకపోతే మా నాన్నగారుంటారు. బెల్ కొట్టి ఊరుకుంటే తలుపు తీయరు, బయటి నుంచే తెలుగులో పిలవండి.